టన్నుకు ఆరున్నర రూపాయలు

బొగ్గు పట్టణాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు సాయం ఉంది, కిరాయికుండే కాంట్రాక్ట్ కార్మికుడికి లేదు

గోదావరిఖనిలో కిరాయికుండే సర్కారు బడి టీచరుకు జీతంతోపాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. రామగుండం కార్పొరేషన్ జనాభా రెండు లక్షలు దాటింది కనుక, 2020 పీఆర్సీ శ్లాబుల ప్రకారం ఆ భత్యం మూలవేతనంలో 17 శాతం. మూలవేతనం యాభై వేలైతే నెలకు ఎనిమిదిన్నర వేలన్నమాట. అదే వాడలో సింగరేణి పర్మినెంట్ కార్మికుడు ఉంటాడు. ఆయనకు కంపెనీ క్వార్టర్ ఉంటుంది. క్వార్టర్ అందకపోతే వేజ్‌బోర్డు ఒప్పందం కింద అద్దె భత్యం ఉంటుంది. సొంతిల్లు కట్టుకుంటానంటే పది లక్షల దాకా బ్యాంకు రుణం మీద వడ్డీని కంపెనీయే భరించే పథకమూ ఉంది. ఆ వెనక సందులో, రేకుల పోర్షన్‌లో ఇంకో కార్మికుడి కుటుంబం కాపురముంటుంది. ఆయన కన్వేయర్ కింద రాలిన బొగ్గు ఎత్తిపోస్తాడు, లేదా ఏరియా ఆస్పత్రి వార్డులు ఊడుస్తాడు, లేదా క్వార్టర్ల మధ్య మురికి కాల్వలు తీస్తాడు. కాంట్రాక్ట్ కార్మికుడు. ముగ్గురిలో తక్కువ సంపాదన ఆయనదే. నెల మొదటి వారంలో ఇంటాయనకు ఇచ్చే ప్రతి రూపాయీ సొంత జేబులోంచే తీయాల్సింది కూడా ఆయనే.

పేదల కిరాయిలో కొంత ప్రభుత్వమో ప్రభుత్వ కంపెనీయో భరించాలి అనగానే మనవాళ్లలో చాలామంది ఇదేదో కొత్త ఉచిత పథకం అనుకుంటారు. కొత్తది కానే కాదు. ఈ దేశంలో కిరాయి సాయం దశాబ్దాలుగా నడుస్తోంది, జీతం స్లిప్పు ఉన్నవాళ్లకు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అద్దె భత్యం మీద మినహాయింపు ఉంది, ఇంటి రుణం వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది. ఆ మేరకు ఖజానాకు రాకుండా పోయే సొమ్ము కూడా ప్రభుత్వం పెట్టే ఖర్చే. పన్ను కట్టేంత ఆదాయం లేనివాడికి అందులో పైసా చేరదు. కిరాయి సాయం ఉండాలా వద్దా అన్న చర్చ మనం ఎప్పుడో దాటేశాం. తేల్చవలసింది అది ఎవరిదాకా వచ్చి ఆగిపోతోంది, ఎందుకు ఆగిపోతోంది అన్నది. బొగ్గు బెల్టులో ఆ గీత మస్టర్ రోల్ దగ్గర స్పష్టంగా కనబడుతుంది.

ఆ గీత ఎలా పడిందో తెలియాలంటే 1947 దాకా వెళ్లాలి. ఆ ఏడాది వచ్చిన బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం, గని నుంచి బయటికి వెళ్లే ప్రతి టన్ను బొగ్గు మీద నాలుగణాలకు తగ్గకుండా, ఎనిమిదణాలకు మించకుండా సుంకం వేయమంది. వచ్చిన డబ్బును రెండు ఖాతాల్లో వేయమంది. ఒకటి సాధారణ సంక్షేమానికి, రెండోది ప్రత్యేకంగా ఇళ్లకు. ఆ ఏర్పాటులో ఒక సులువు ఉంది. బొగ్గు ఎవరు తవ్వించారు, తవ్వినవాడు ఎవరి మనిషి అన్న విచారణ లేదు. బొగ్గు కదిలితే ఇంటి ఖాతాలో డబ్బు పడుతుంది, అంతే. డెబ్బయ్యో దశకంలో దేశంలో బొగ్గు గనులు జాతీయమయ్యాయి. సింగరేణి అప్పటికే సర్కారు కంపెనీ, 1945లోనే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇక కంపెనీలే కార్మికుల బాగోగులు చూసుకుంటాయి గదా, వేరే నిధి దేనికన్న ఆలోచనతో 1986లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అప్పటికి ఆ వాదన సబబుగానే ఉంది. సింగరేణి వరుస వరుసలుగా క్వార్టర్లు కట్టింది. ఎనిమిదో ఇంక్లైన్ గని చుట్టూ లేచిన కాలనీ ఎయిట్ ఇంక్లైన్ అయి, జనం నోట్లో నలిగి, చివరికి సర్కారు కాగితాల్లో సైతం యైటింక్లయిన్ కాలనీగా స్థిరపడింది. బాయి నంబరే ఊరి పేరైపోయేంతగా కంపెనీ, కాపురం కలిసిపోయిన రోజులవి.

కానీ ఆ చట్టం పోవడంతో ఒక మాట మారింది. ఇల్లు బొగ్గుతో కాక, కంపెనీ మనిషి అన్న హోదాతో ముడిపడింది. తొంభయ్యో దశకం మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవారు. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, స్వచ్ఛంద పదవీ విరమణలు వచ్చాయి, మట్టి తీసే ఓబీ పనులు ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లాయి. 2024 దసరాకు ముందు లాభాల వాటా ప్రకటించేనాటికి పర్మినెంట్ ఉద్యోగులు 41,837 మంది. ఆ లెక్కలోనే తొలిసారి కాంట్రాక్ట్ కార్మికుల ప్రస్తావన వచ్చింది, పాతిక వేల మంది. లాభాల వాటాగా తీసిన 796 కోట్ల నుంచి పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు, విడిగా కాంట్రాక్ట్ కార్మికుడికి అయిదు వేలు. ఆ అయిదు వేలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వీళ్లూ ఈ బొగ్గులో భాగస్తులేనని కంపెనీ తొలిసారి ఒప్పుకున్న సందర్భం అది. ఆ ఒప్పుకోలు పండగ పూట బోనస్ దగ్గరే ఆగిపోవడమే నా అభ్యంతరం. కిరాయి ఏడాదికోసారి కట్టేది కాదు.

దీనికి ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు సొంతిల్లు. 2015 తర్వాత డబుల్ బెడ్రూం ఇళ్లు, 560 చదరపు అడుగులు, పట్టణాల్లో ఒక్కోదానికి 5.30 లక్షల అంచనా. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు అయిదు లక్షలు, నాలుగు విడతల్లో. రెండూ మంచి పథకాలే. అయితే ఇందిరమ్మ ఇళ్ల దరఖాస్తులను మూడు జాబితాలుగా విడగొట్టారు. సొంత జాగా ఉన్నవాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. ముందు సాయం ఎల్-1కే. పల్లెలో అది న్యాయంగానే పనిచేస్తుంది, తాతల నాటి గుడిసె జాగా ఎంతోకొంత ఉంటుంది గనుక. గోదావరిఖనిలో నేల ఎవరిది? కొంత సింగరేణిది, కొంత ఎన్టీపీసీది, కొంత ఒకప్పటి ఎరువుల సంస్థ ఎఫ్‌సీఐది, మరికొంత సర్కారుది. అరవయ్యో దశకంలో బాయిలు పడ్డాక నలుమూలల నుంచి వచ్చి గుడిసెలేసుకున్న జనంతో పెరిగిన ఊరది. కంపెనీ నేలలో ఏళ్లుగా ఉన్న ఇళ్లకు పట్టాలిచ్చేందుకు జీవో 76 వచ్చింది, బొగ్గు పట్టణాల్లో ఎన్నో కుటుంబాలకు మేలు చేసింది. అది కూడా ఇప్పటికే ఇల్లు కట్టుకున్నవాడికే. ఆ ఇంట్లో పోర్షన్ తీసుకుని ఉన్నవాడి పేరు ఏ జీవోలోనూ ఉండదు. జాగా ఉన్నవాడికి ఇల్లు, ఇల్లున్నవాడికి పట్టా, ఉద్యోగం ఉన్నవాడికి వడ్డీ. అంతకుముందే ఏదో ఒకటి ఉన్నవాడికే అందేలా మన గృహ సాయమంతా తయారైంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కిరాయికి పోసిన డబ్బు ఇసకలో పోసిన నీళ్లు, అదే డబ్బుతో ఎన్నో కొన్ని ఇళ్లు కట్టిస్తే తరతరాలుంటాయి గదా అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని సామెత చెప్పుకున్న జాతికి సొంతిల్లంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు, పరువు. ఆ మాట నిజమే. కానీ బొగ్గు నేల మీద తరతరాలు అన్న మాటకు అర్థం వేరు. గనికి ఆయుష్షు ఉంటుంది. ఇల్లందులో 1889లో బొగ్గు తీయడం మొదలైంది. కంపెనీ పుట్టిల్లు అదే, అయినా కేంద్ర కార్యాలయం కొత్తగూడేనికి తరలింది. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే అంగళ్ల కళ తప్పింది, ఇళ్ల ధరలు పడిపోయాయి, ఉన్న ఊళ్లో అమ్ముకోలేక, పని ఉన్న ఊళ్లో కొనుక్కోలేక చిక్కుకుపోయిన కుటుంబాలు మిగిలాయి. రామగుండంలోనే ఎరువుల కర్మాగారం 1999లో ఆగిపోయింది, రెండు దశాబ్దాల తర్వాత ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా తెరుచుకుంది. ఆ మధ్య కాలంలో దాన్ని నమ్ముకుని అక్కడే ఇటుక మీద ఇటుక పేర్చుకున్నవాడి గతేమిటి? అయిదో ఇంక్లైన్ ఓపెన్‌కాస్టుగా మారి ఊరి అంచుదాకా వచ్చింది, బ్లాస్టింగులకు గోడలు అదురుతున్నాయన్న ఫిర్యాదులు వింటూనే ఉన్నాం. పని ఎటు కదిలితే అటు కదలగలగడం ఇక్కడి కార్మికుడికి అవసరం. కిరాయి ఇల్లు ఆ వీలునిస్తుంది. సొంతిల్లు వద్దని కాదు, అది తప్ప మరో దారి లేకుండా చేయవద్దని.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. పట్టణాల్లో ఇళ్ల కొరత మీద కేంద్రం వేసిన నిపుణుల బృందం 2012లో తేల్చిన అంకె 1.878 కోట్లు. అంకె పెద్దది, అయితే దాని లోపల ఉన్నది ఇంకా ఆసక్తికరం. అందులో కోటిన్నర దాకా నెత్తిన కప్పు లేక వచ్చిన కొరత కాదు, ఇరుకు. ఒకే గదిలో పెళ్లయిన జంటా పిల్లలూ ముసలివాళ్లూ సర్దుకోవడం. కొరతలో 95 శాతం పైగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. అంటే చాలా కుటుంబాలకు కావలసింది కొత్త ఇల్లు కాదు, ఇంకో గది. బొగ్గు పట్టణంలో ఈ ఇంకో గదికి ఉన్న విలువ వేరే ఊళ్లలో ఉండదు, ఎందుకంటే ఇక్కడ పని మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. ఒకే గది ఉన్న ఇంట్లో, ఎండాకాలం రేకుల కింద, పిల్లలు బడికి తయారవుతుంటే, పొయ్యి మీద కూర తాలింపు వేస్తుంటే ఆ నిద్ర ఎలా పడుతుంది? ఆ రాత్రి మళ్లీ డంపర్లు తిరిగే చోటికే వెళ్లాలి. గని భద్రత గురించి మాట్లాడేవాళ్లు హెల్మెట్టు, బూట్ల దగ్గరే ఆగిపోతారు, నిద్ర దాకా రారు. నెలకు వెయ్యో రెండు వేలో సాయం దొరికితే ఒక గది పోర్షన్ నుంచి రెండు గదుల పోర్షన్‌కు మారగల కుటుంబాలు ఎన్నో ఉంటాయి, దానికి సిమెంటు బస్తా ఒక్కటి కూడా కొనక్కర్లేదు.

ఇక డబ్బు. నెలకు 1,500 చొప్పున పాతిక వేల కుటుంబాలకు ఇస్తామనుకుందాం. ఏడాదికి ఒక్కో కుటుంబానికి 18 వేలు, మొత్తం 45 కోట్లు. ఆ డబ్బుతో ఇందిరమ్మ లెక్కన ఇళ్లు కట్టిస్తే ఏడాదికి వచ్చేవి 900. పాతిక వేల మందికీ కట్టించాలంటే 1,250 కోట్లు కావాలి, ఏడాదికి 45 కోట్ల చొప్పున అయితే చివరివాడి వంతు ఇరవై ఎనిమిదో ఏట వస్తుంది. అప్పటికి అతనే రిటైర్మెంటుకు దగ్గరపడతాడు. 2023–24లో సింగరేణి తీసిన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. 45 కోట్లను వాటి మీద పంచితే టన్నుకు ఆరున్నర రూపాయలైనా పడదు. దీన్ని పర్మినెంట్ కార్మికుడి ఇంటి రుణంతో పోల్చి చూడండి. పది లక్షల మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ అంటే మొదటి ఏడాది 85 వేలకు చేరువ. అంటే ఒక సొంతింటికి పోయే వడ్డీ సాయంలో నాలుగు కాపురాల కిరాయికి సాయం చేయవచ్చు. ఆ వడ్డీ తీసేయమని ఎవరూ అడగడం లేదు. అంత భరించగలిగిన చోట ఇంత భరించలేమనడం కుదరదని మాత్రమే.

ఈ ఆరున్నర రూపాయలు కంపెనీ లాభంలోంచే రావాలని కూడా లేదు. 2015లో ఖనిజ చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు పెట్టారు. వేలంలో కాకుండా దక్కిన పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము ఈ నిధికి జమ కావాలి. బొగ్గు రాయల్టీ ధరలో 14 శాతం. ఉదాహరణకు టన్ను ధర మూడు వేలే అనుకుంటే రాయల్టీ 420, ట్రస్టు వాటా 126 రూపాయలు. నూట ఇరవై ఆరులో ఆరున్నర! 2024లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ నిధిని తప్పనిసరిగా ఖర్చు పెట్టాల్సిన ప్రాధాన్య రంగాల్లో తాగునీరు, వైద్యం, చదువులతోపాటు గృహవసతి కూడా చేరింది. అంటే 1947 నాటి నాలుగణాల సుంకమే పేరు మార్చుకుని తిరిగొచ్చినట్టు. ఇళ్ల ఖాతాను విడిగా పెట్టాలన్న ఆ పాత తెలివి మాత్రం తిరిగి రాలేదు. ఈ నిధి అంటే రోడ్లు, కాంపౌండ్ గోడలు, కమ్యూనిటీ హాళ్లు అని మన నాయకులకు అలవాటైపోయింది. శిలాఫలకం వేయడానికి వీలులేని పనికి డబ్బు విడుదల చేయించడం ఎక్కడైనా కష్టమే.

సాయం ఇస్తే ఇంటాయనలు ఆ మేరకు కిరాయి పెంచేస్తారు, ప్రభుత్వ సొమ్ము వాళ్ల జేబులోకే పోతుంది అన్నది ఇంకో అభ్యంతరం. ఇళ్లు తక్కువై కిరాయిదార్లు ఎక్కువైన ఊళ్లో అది జరిగి తీరుతుంది. అందుకే సాయంతోపాటు గదుల సంఖ్య కూడా పెరగాలి. సింగరేణి ఈ విషయంలో ఏ మున్సిపాలిటీకీ లేని సుఖస్థితిలో ఉంది. లక్ష మందికి పైగా పనిచేసిన కాలంలో లేచిన కాలనీలు, ఇప్పుడు నలభై వేల చిల్లర మంది ఉద్యోగులు. ఖాళీ క్వార్టర్లను బాగుచేసి కాంట్రాక్ట్ కార్మికులకు ఇవ్వాలన్నది యూనియన్లు చాలాకాలంగా అడుగుతున్నదే. కొవిడ్ వలసల తర్వాత 2020 జులైలో కేంద్రం ఇలాంటి ఆలోచనే చేసింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా పడి ఉన్న 83 వేల పైచిలుకు పట్టణ ఇళ్లను కిరాయి ఇళ్లుగా మారుద్దామంది. మారినవి అయిదున్నర వేల చిల్లర. నిర్వహణ, మరమ్మతు, కిరాయి వసూలు అన్నీ కొత్తగా ఏర్పాటు చేసుకోవాల్సి రావడం ఆ పథకాన్ని కుంగదీసింది. సింగరేణికి ఎస్టేట్ విభాగం ఉంది, సివిల్ విభాగం ఉంది, సొంత నీళ్లు, సొంత కరెంటు లైన్లు ఉన్నాయి. అక్కడ తడబడినచోట ఇక్కడ తడబడనక్కర్లేదు. క్వార్టర్లు ఉన్నచోట నామమాత్రపు కిరాయికి క్వార్టర్, లేనిచోట చేతికి సాయం. వియన్నా నగరం 1923లో ఇళ్ల కోసం ప్రత్యేక పన్ను వేసి 1934 నాటికి 60 వేలకు పైగా కిరాయి ఇళ్లు కట్టింది. ప్రైవేటు కిరాయిలను ఈనాటికీ అదుపులో ఉంచుతున్నది ఆ సర్కారు ఇళ్ల పోటీయే అంటారు. అంత దూరం పోకపోయినా, బాగుచేసిన క్వార్టర్ల వరుస ఒకటి పక్కన ఉంటే పోర్షన్ కిరాయి ఇష్టమొచ్చినట్టు పెంచడానికి ఎవరైనా కాస్త ఆలోచిస్తారు.

వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, కంపెనీకి ఏం సంబంధం అని అడిగేవాళ్లున్నారు. చట్టం ముందు ఈ వాదనకు బలముండవచ్చు, బాయి దగ్గర లేదు. కాంట్రాక్టర్లు టెండరు టెండరుకూ మారతారు, పనిచేసే మనిషి అక్కడే ఉంటాడు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్ట్ కార్మికులు రెండు వారాలకు మించి సమ్మె చేస్తే మాట్లాడి ఒప్పందానికి వచ్చింది యాజమాన్యమే. ఇంకో విడ్డూరం చూడండి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకున్న కార్మికుడికి పనిచేసినంతకాలం తగిన వసతి చూపించాలని కాంట్రాక్టరుకు చెప్పింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. అది అమల్లో ఉన్న నాలుగు దశాబ్దాలూ, కాగితం మీదైనా, జార్ఖండ్ నుంచి వచ్చినవాడికి ఉన్న హక్కు మంథని నుంచి వచ్చినవాడికి లేదు. సాయాన్ని కాంట్రాక్టరుకు ముడిపెట్టకుండా నేరుగా కార్మికుడికే ఇవ్వాలనడానికి కారణం ఇదే. బొగ్గు గనుల భవిష్య నిధి ఖాతాలు ఉన్నాయి, జాబితా కోసం కొత్త సర్వే అక్కర్లేదు. ఆ ఖాతా లేని కాంట్రాక్ట్ కార్మికులు బయటపడితే అదీ ఒక లాభమే. అమెరికాలో 1974 నుంచి నడుస్తున్న వోచర్ల పథకంలో కిరాయిదారు తన ఆదాయంలో సుమారు 30 శాతం కిరాయికి పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. అయితే అర్హుల్లో నలుగురికి ఒకరికే దక్కుతుంది, మిగతావాళ్లు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు. కొందరికి ఎక్కువిచ్చి చాలామందికి ఎగ్గొట్టే ఆ దారి కన్నా, తక్కువైనా అర్హులందరికీ అందడం మేలు. నెలకు 1,500 అన్న చిన్న అంకెతో లెక్క వేయడం అందుకే.

ఇంత తక్కువ ఖర్చయ్యే పని ఇన్నాళ్లూ ఎవరి డిమాండ్ల పత్రంలోనూ ముందు వరుసకు ఎందుకు రాలేదు? సొంతింటి రుణానికి వడ్డీ సాయం 2017 గుర్తింపు సంఘం ఎన్నికల వేళ హామీగా పుట్టింది. 2023 డిసెంబరు 27న మళ్లీ ఆ ఎన్నికలు జరిగితే ఓటర్లు దాదాపు నలభై వేలు, అందరూ పర్మినెంట్ కార్మికులే. కాంట్రాక్ట్ కార్మికుడికి ఆ పెట్టెలో వేయడానికి ఓటు లేదు. ఓటు లేని మనిషి కిరాయి ఏ సంఘానికైనా చివరి పేజీలోనే గుర్తొస్తుంది, అందుకు సంఘాలను మాత్రమే తప్పు పట్టలేం. కానీ జిల్లా ఖనిజ నిధి సంగతి వేరు. దాని పాలకమండలికి కలెక్టర్ అధ్యక్షుడు, ఎంపీ, ఎమ్మెల్యేలు సభ్యులు. రామగుండం ఎమ్మెల్యేను ఎన్నుకునేటప్పుడు పర్మినెంటా కాంట్రాక్టా అని మస్టర్ చూడరు. పెద్దపల్లి కలెక్టరేట్‌లో ఆ మండలి ఈసారి కూర్చున్నప్పుడు, గృహవసతి అన్న పద్దు కింద కాంపౌండ్ గోడకు కాకుండా కిరాయికి ఎంత కేటాయించారో అడగడానికి గుర్తింపు సంఘం సభ్యత్వం అక్కర్లేదు.